జరమొచ్చిన పసిబిడ్డకు రక్తమొక్కటే కాదు.. ఉచ్చ కూడ చూపియ్యాలె

మా దిక్కు చిన్నపిల్లకు జరమొస్తే ఏం జరుగుతదో అందరికి ఎరుకే. మొదటి రోజు ఇంట్ల ఉన్న జరం మందు తాపుతరు, తడిబట్టతోటి ఒళ్లు తుడుస్తరు. రెండో రోజు ఊర్లె ఆర్‌ఎంపీ కాడ సూది. మూడో రోజుకు కూడ తగ్గకుంటే బండి మీద టౌన్‌కు. ఆడ రక్తం తీస్తరు. సీబీపీ, మలేరియా, డెంగీ, టైఫాయిడ్‌కు వైడాల్. సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌కు వస్తది. ప్లేట్‌లెట్లు మంచిగనే ఉన్నయంటే ఇంటిల్లిపాది ఊపిరి పీల్చుకుంటరు. ఇంత తతంగంల ఒక్క పరీక్ష మాత్రం శానాసార్లు ఎవ్వలకు యాదికి రాదు. అది ఉచ్చ పరీక్ష.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. మిర్యాలగూడల పని నేర్సుకున్న, కోదాడల కొన్నేండ్లు చేసిన, ఇప్పుడు సూర్యాపేటల చేస్తున్న. మూడు టౌన్లల నేను చూసింది ఒక్కటే తీరు. జరంతోటి వచ్చే సంటిపిల్లల చీటీల మీద రక్తం పరీక్షలు వరుసగ ఉంటయి. మూత్రం పరీక్ష ఉంటే ఉంటది, లేకుంటే లేదు. ఉన్నా కూడ "పిల్ల ఉచ్చ పోస్తలేదు, రేపు తెస్తం" అని పోయెటోళ్లు ఎక్కువ. ఆ రేపు మళ్ల రాదు.

నేను డాక్టర్‌ను కాదు. ఏ మందు ఎంత తాపాల్నో చెప్పేటందుకు ఇది రాస్తలేను. కాని పదేండ్లకు పైగా పిల్లల శాంపిల్స్ చేతిల పట్టుకున్నోనిగ ఒక్క ముచ్చట గట్టిగ చెప్పదల్సుకున్న. రెండేండ్లలోపు బిడ్డకు జరమొచ్చి, ఆ జరం ఎందుకొచ్చిందో సరిగ తెల్వకుంటే, యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే మూత్రం పరీక్షకు ఇయ్యాలె. దగ్గు, జలుబు, చెవినొప్పి, విరేచనాలు అసుంటి కారణం కండ్ల ముందట ఉంటే వేరే సంగతి. అసుంటిదేం లేకుండ ఒట్టి జరమే ఉంటే, అప్పుడు అనుమానం మూత్రం మీదికి కూడ పోవాలె.

ఇది చదివే మీల శానామందికి ఇంక పెండ్లి కూడ కాకపోవచ్చు. "మాకెందుకన్నా గీ ముచ్చట" అనొచ్చు. కాని అక్క బిడ్డకో, వదిన కొడుక్కో రాత్రి జరమొస్తే బండి తీసేది మీరే. ల్యాబ్ రిపోర్టు వచ్చేది మీ ఫోన్‌కే. చీటీల ఏం రాసిందో ఇంటోళ్లకు చదివి చెప్పేది మీరే. గందుకే మీకే చెప్తున్న. ఇంకో మాట. ఇండ్ల ఉచ్చ అనే అంటం, చీటీ మీద మూత్రం అంటరు. నేను రెండూ వాడుత, మోటుగ ఉందని అనుకోకుండ్రి.

అసలు ఇది ఏంది?

మన కడుపుల, పేగులల కోట్ల సూక్ష్మజీవులుంటయి. అండ్ల ఈ.కోలై అనేది ఒకటి. పేగులల ఉన్నంతసేపు దానితోటి మనకు పెద్ద ఇబ్బంది లేదు. అదే ఉచ్చ పోసే తొవ్వల నుంచి పైకి ఎక్కి, మూత్రాశయంల పెరిగితే ఇన్ఫెక్షన్ అయితది. పిల్లలల వచ్చే మూత్రం ఇన్ఫెక్షన్లల నూటికి 80 నుంచి 90 దాక ఈ ఈ.కోలై వల్లనే. మూత్రాశయం దాకనే ఉంటే మంట, మాటిమాటికి పోవుడు ఉంటది. ఇంకా పైకి ఎక్కి కిడ్నీ దాక పోతే గట్టి జరమొస్తది. సంటిపిల్లలల జరంతోటి వచ్చిందంటే కిడ్నీ దాక పోయిందనే డాక్టర్లు లెక్కగడ్తరు.

ఇది ఎక్కడో ఒకలిద్దరికి వచ్చే రోగం కాదు. వేరే వేరే దేశాలల చేసిన పరిశోధనలన్నిటిని కలిపి 2008ల ఒక లెక్క తీసిండ్రు. జరంతోటి దవాఖానకు వచ్చిన రెండేండ్లలోపు పిల్లలల నూటికి సుమారు 7గురికి మూత్రం ఇన్ఫెక్షన్ ఉన్నదని తేలింది. అంటే జరమొచ్చిన పదిహేను మంది పిల్లలను వరుసగ నిలబెడితే అండ్ల ఒకలకు ఇదే కారణం. డెంగీ సీజన్ల అయినా, ఎండకాలంల అయినా ఆ ఒక్కరు ఆ వరుసల ఉంటనే ఉంటరు. మనం ఆ పిల్లను గుర్తు పడ్తున్నమా లేదా అన్నదే ప్రశ్న.

మొదటి మూడు నెల్లల ఆడపిల్లల కంటే మగపిల్లలకు ఎక్కువ వస్తది. ఏడాది దాటినంక ఆడపిల్లలకు ఎక్కువ. ఆడపిల్లలకు ఉచ్చ తొవ్వ పొట్టిగ ఉంటది, మలం తొవ్వకు దగ్గర ఉంటది, గదే కారణం. సున్తీ అయిన మగపిల్లలకు ఇది తక్కువ వస్తదని కూడ పరిశోధనలు చెప్తున్నయి. అంతమాత్రాన మిగిలినోళ్లందరికి వస్తదని కాదు. ముందు తోలును బలవంతంగ వెనుకకు గుంజి శుభ్రం చెయ్యాలని కొందరు పెద్దోళ్లు అంటరు. అట్ల చెయ్యొద్దు. చిన్నతనంల అది అంటుకోని ఉండుడు మామూలే. గుంజితే పుండు పడ్తది, ఇంకింత ఇబ్బంది అయితది.

ఎందుకు దొరుకతలేదు?

పెద్దోళ్లకు ఇదొస్తే నోటితోటి చెప్తరు. "మంటగ ఉన్నది, చుక్క చుక్క పడ్తున్నది" అంటరు. తొమ్మిది నెల్ల బిడ్డ ఏం చెప్తది? ఏడుస్తది. పాలు తాగదు. కక్కుతది. సోలిపోతది. ఒక్కోసారి ఏమీ ఉండదు, జరమే ఉంటది. పుట్టిన కొత్తల అయితే పసిరికలు తగ్గకుండ ఉండుడు, బరువు పెరగకపోవుడు కూడ దీని గుర్తులే కావొచ్చు. ఉచ్చ వాసనొస్తేనే, రంగు మారితేనే ఇన్ఫెక్షన్ అనుకునుడు తప్పు. తేటగ కనపడే మూత్రంల కూడ ఇన్ఫెక్షన్ ఉండొచ్చు.

నోరు లేని పిల్ల జరానికి మనమే ఒక పేరు పెడ్తం. పండ్లొస్తున్నయి కాబట్టి జరమొచ్చిందంటం. పండ్లు వచ్చేటప్పుడు సొంగ కారుడు, చిరాకు పడుడు ఉంటది. ఒళ్లు కొద్దిగ వెచ్చగ అయితే కావొచ్చు కాని, 102, 103 జరం పండ్లతోటి రాదు. చుట్టం పోయినంక వస్తే దిష్టి అంటం. వానకాలంల వస్తే విషజ్వరం అంటం. ఉచ్చ పోసేటప్పుడు ఏడిస్తే "వేడి చేసింది" అంటం. ఎండల నల్గొండ దిక్కు ఎట్ల కాలుతదో తెల్వందేం కాదు. గందుకే వేడి అనంగనే అందరం నమ్ముతం. సల్ల, సబ్జా నీళ్లు, బార్లీ, కొబ్బరి నీళ్లు తాపుతం. నీళ్లు తక్కువై ఉచ్చ పచ్చగ, మంటగ వస్తే వీటితోటి తగ్గుతది, మంచిదే. కాని మంటతోని పాటు జరం కూడ ఉన్నదంటే అది ఒట్టి వేడి కాదు. సల్లతోటి ఈ.కోలై చావదు.

ఇంకొక పేరు టైఫాయిడ్. మా దిక్కు పది జరాల్ల సగం జరాలు టైఫాయిడే అన్నట్టు మాట్లాడుకుంటరు. దానికి ఎక్కువ చేసేది వైడాల్ పరీక్ష. ఇది 1896ల వచ్చిన పరీక్ష. ఎన్నడో వచ్చిపోయిన జరానికి, వేసిన టీకాకు, వేరే ఇన్ఫెక్షన్‌కు కూడ ఇండ్ల కొద్దిగ పాజిటివ్ రావొచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకొని టైఫాయిడ్ అని తేల్చుడు సరిగాదని వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. అయినా కాగితం మీద ఒక పేరు దొరికింది కదా అని అందరం నిమ్మళం అయితం. పేరు దొరికినంక ఇంకో కారణం కోసం ఎవ్వలు ఎతుకరు. మూత్రం అట్లనే మిగిలిపోతది.

సగం మందు చేసే నష్టం

నాకు యాదికున్న ఒక పాప ముచ్చట చెప్త. ఏ ఊరో, ఏ దవాఖాననో అక్కరలేదు, ఎందుకంటే ఇట్లాంటివి ఒక్క ఊర్లె అయినవి కావు. పద్నాలుగు నెల్ల పాప. తల్లి నాట్లకు, మిరప ఏరుడుకు పోతది. రెండు నెల్లల మూడుసార్లు జరం. ప్రతిసారి మూడురోజులకు ఒక యాంటీబయోటిక్ సీసా, జరం తగ్గుడు, మందు ఆపుడు, పది పదిహేను రోజులకు మళ్ల జరం. మూడోసారి ఒక పిల్లల డాక్టర్ మూత్రం కల్చర్ రాసిండు. అప్పటికే రెండు పూటలు మందు పడింది. కల్చర్‌ల ఏమీ పెరగలేదు. మందు అంతా ఆపిచ్చి, పాపను కండ్ల ముందట పెట్టుకొని, జరం మళ్ల తల ఎత్తంగనే మళ్ల శాంపిల్ తీపిచ్చిండు. ఈసారి ప్లేటు నిండ ఈ.కోలై పెరిగింది. అదిగూడ మొదటి రెండుసార్లు తాపిన మందుకు లొంగనిది. స్కానింగ్‌ల ఒక కిడ్నీ కొద్దిగ ఉబ్బి కనపడ్డది. మూత్రాశయం నుంచి ఉచ్చ వెనుకకు కిడ్నీలకు తంతున్నదని తర్వాతి పరీక్షల తేలింది.

ఈ పాప కథల మూడు ముచ్చట్లు ఉన్నయి. 

ఒకటి, యాంటీబయోటిక్ ఒకటి రెండు డోసులు పడ్డా కూడ మూత్రంల సూక్ష్మజీవులు కల్చర్‌ల పెరగకుండ పోతయి. అవి లోపల పూర్తిగ చావలేదు, మనకు దొరుకకుండ దాక్కున్నయి అంతే. దొంగ ఇంట్లనే ఉన్నడు, మనం లైటు ఆర్పినం అన్నట్టు. గందుకే ముందు మూత్రం, తర్వాత మందు. 

రెండు, మూడు రోజుల సగం మందు జరాన్ని దించుతది కాని రోగాన్ని తియ్యదు. బతికి బయటపడ్డ సూక్ష్మజీవి ఆ మందుకు అలవాటు పడ్తది. మన దేశంల ఈ.కోలై మామూలు యాంటీబయోటిక్‌లకు లొంగుతలేదని భారత వైద్య పరిశోధన మండలి రిపోర్టులు ఏటేటా చెప్తనే ఉన్నయి. 

మూడు, ఆలస్యం. కిడ్నీల ఇన్ఫెక్షన్ నిలువ ఉంటే ఆడ మచ్చ పడ్తది. కాలిన చేతికి మచ్చ పడ్డట్టే. మచ్చ పడ్డ జాగల కిడ్నీ పని చెయ్యదు. మొదటిసారి ఇన్ఫెక్షన్ వచ్చిన పిల్లలల నూటికి 15 మంది దాక ఏదో ఒక మచ్చ ఉంటదని ఒక లెక్క. 2016ల అచ్చైన ఒక అమెరికా పరిశోధనల, జరం మొదలైనంక 48 గంటలు, అంతకు మించి మందు ఆలస్యమైన పిల్లలకు కొత్త మచ్చలు పడే అవకాశం ఎక్కువున్నదని తేలింది. మన దిక్కు మూడో రోజుకు టౌన్‌కు బయలుదేరుతం. మన అలవాటు, కిడ్నీకి ఉన్న గడువు ఒకదానితోటి ఒకటి కలుస్తలేవు.

భయపడుమని చెప్తలేను. టైంకు దొరికితే శానామంది పిల్లలు పూర్తిగ మంచిగైతరు, ఏ మచ్చ ఉండదు. ఉన్న చిన్న మచ్చతోటి కూడ ఎంతోమంది జీవితమంతా హాయిగ బతుకుతరు. కాని మచ్చలు ఎక్కువైన కొందరికి పెద్దగైనంక బీపీ వస్తది, కిడ్నీ బలం తగ్గుతది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కే కుటుంబాలు ఎట్ల చితికిపోతయో మన దిక్కోళ్లకు చెప్పే పని లేదు. ఆ తొవ్వల ఒక్క పిల్ల తక్కువైనా మంచిదే కదా.

శాంపిల్ ఎట్ల పట్టాలె?

ఇగ ఇది నా పని, కాబట్టి జర ఇవరంగ చెప్త. ఎందుకంటే శాంపిల్ తప్పైతే రిపోర్టు తప్పైతది. రిపోర్టు తప్పైతే లేని రోగానికి మందు పడ్తది, లేకుంటే ఉన్న రోగం తప్పించుకుంటది.

కడిగిన హార్లిక్స్ సీసా, పాత మందు సీసా, నీళ్ల బాటిల్ మూత.. ఇవన్ని నా కౌంటర్ మీదికి వచ్చినయి. ఇవి పనికిరావు. సీల్ ఉన్న స్టెరైల్ డబ్బా ల్యాబ్‌ల, మందుల షాపుల తక్కువ పైసలకే దొరుకుతది. దాని లోపల వేలు పెట్టొద్దు, మూత కింద పెట్టొద్దు.

పిల్లకు పాలు తాపినంక ఇరవై ఇరవై అయిదు నిమిషాలకు ప్రయత్నం చెయ్యాలె. ముందుగాల మంచినీళ్లతోటి ఆ జాగంతా కడగాలె. ఆడపిల్లకు ముందట నుంచి వెనుకకే తుడువాలె, వెనుక నుంచి ముందుకు కాదు. డెట్టాల్ గిట్ల పుయ్యొద్దు. ఒకలు పిల్లను ఎత్తుకోవాలె, ఒకలు డబ్బా తెరిచి పట్టుకొని తయారుగ ఉండాలె. మొదటి కొన్ని చుక్కలు కిందికి పోనిచ్చి, నడుమ ధారను పట్టాలె. డబ్బా ఒంటికి తగలొద్దు.

"ఎంతసేపు కూసుంటం అన్నా, పోస్తనే లేదు" అంటరు. దీనికొక ఉపాయం ఉన్నది. ఆస్ట్రేలియాల మెల్‌బోర్న్ పిల్లల దవాఖానల 354 మంది ఏడాదిలోపు పిల్లల మీద చేసి, 2017ల అచ్చేసిండ్రు. సల్లటి నీళ్లల ముంచిన గాజుగుడ్డతోటి పొత్తికడుపు కింది భాగంల మెల్లగ గుండ్రంగ రుద్దిండ్రు. అయిదు నిమిషాలలోపల నూటికి 31 మంది పిల్లలు ఉచ్చ పోసిండ్రు. రుద్దకుండ ఉత్తగ ఎదురుచూసినోళ్లల 12 మందే పోసిండ్రు. మిషిన్ లేదు, పైస ఖర్చు లేదు. పసిపిల్లకు నీళ్లు పోసేటప్పుడు సల్లగాలి తగిలి ఉచ్చ పోసుడు మన అవ్వలకు కొత్త కాదు. దాన్నే వాళ్లు లెక్కగట్టి చూపించిండ్రు.

కొందరు ల్యాబోళ్లు ఒంటికి అతికే ప్లాస్టిక్ సంచి ఇస్తరు. అది సులువే కాని, చర్మం మీది, మలం కాడి సూక్ష్మజీవులు అండ్ల కలుస్తయి. సంచిల పట్టిన మూత్రంల ఏమీ లేదని వస్తే నమ్మొచ్చు. ఉన్నదని వస్తే దాని మీద తీర్పు చెప్పొద్దు, మళ్ల మంచి శాంపిల్ తియ్యాలె. డైపర్ పిండి తెచ్చిన మూత్రం కల్చర్‌కు ఇయ్యనే ఇయ్యొద్దు. పిల్ల బాగ నీరసంగ ఉండి, తొందరగ మందు పెట్టాల్సి వస్తే దవాఖానల సన్న పైపుతోటి మూత్రం తీస్తరు. ఈ మాట వినంగనే తల్లులు భయపడ్తరు, నాయనమ్మలు కొట్లాటకు వస్తరు. అది ఒక నిమిషం పని. పిల్ల ఏడుస్తది, అంతే. ఆ ఒక్క నిమిషానికి దొరికే శాంపిల్ శానా నమ్మకమైంది. డాక్టర్ అడిగితే వద్దనకుండ్రి.

పట్టిన మూత్రాన్ని గంటలోపల ల్యాబ్‌కు చేర్చాలె. ఎండల బండి డిక్కీల పెట్టి మునగాల నుంచో, దామరచర్ల నుంచో రెండు గంటలు తిప్పి తెస్తే దారిలనే సూక్ష్మజీవులు రెట్టింపు మీద రెట్టింపు అయితయి. దూరమైతే టౌన్‌కు వచ్చినంకనే పట్టుకోండ్రి. తప్పదంటే ఫ్రిజ్‌ల పెట్టి, ఐస్ ప్యాక్ నడుమ తేవాలె. డబ్బా మీద పిల్ల పేరు, పట్టిన టైం రాయాలె.

రిపోర్టు ఎట్ల చదువాలె?

మీ ఫోన్‌కు వచ్చే పీడీఎఫ్‌ల రెండు తీర్ల రిపోర్టులు ఉంటయి. 

మొదటిది మామూలు మూత్రం పరీక్ష, అదే రోజు వస్తది. అండ్ల పస్ సెల్స్ అని ఉంటది, అంటే చీము కణాలు. సున్న నుంచి అయిదు దాక మామూలు అనుకుంటరు, ఎక్కువుంటే అనుమానం. నైట్రైట్ అని ఇంకొకటి ఉంటది. అది పాజిటివ్ వస్తే ఇన్ఫెక్షన్ ఉన్నదనేటందుకు గట్టి గుర్తు. నెగెటివ్ వస్తే మాత్రం లేదని అనుకోవద్దు. మూత్రం నాలుగు గంటల దాక లోపల నిలువ ఉంటేనే నైట్రైట్ తయారైతది. సంటిపిల్ల అరగంటకు ఒకసారి పోస్తనే ఉంటది, ఇంక నిలువెక్కడిది? 

రెండోది కల్చర్. మూత్రం చుక్కను ప్లేటు మీద పూసి, వెచ్చగ పెట్టి, ఏం పెరుగుతదో చూస్తం. పెరిగినదాని మీద ఏ మందు పని చేస్తదో మళ్ల చూస్తం. గందుకే రెండు మూడు రోజులు పడ్తది. "నాలుగు గంటలల కల్చర్ ఇయ్యరా" అని గల్ల పట్టినట్టు అడిగితే మేమేం చెయ్యలేం. మొలకెత్తనీకి విత్తనానికి టైం కావాలె కదా, గిదీ అంతే. మంచిగ పట్టిన శాంపిల్‌ల ఒకే రకం సూక్ష్మజీవి లక్ష, అంతకు మించి ఉన్నదంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. సన్న పైపుతోటి తీసినదాంట్ల యాభై వేలకే లెక్కల తీస్తరు. రెండు మూడు రకాలు కలిసి పెరిగినయని రాస్తే శాంపిల్‌ల బయటి మురికి కలిసిందని అర్థం. కింద మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే ఆ మందుకు లొంగుతదని, ఆర్ అని ఉంటే లొంగదని. ఇది చూసి మీరే మందుల షాపుకు పోకుండ్రి. పిల్ల వయసు, బరువు, కిడ్నీ చూసి ఏది ఇయ్యాల్నో డాక్టరే చెప్పాలె. కాని డాక్టర్ కాడికి పోయేటప్పుడు ఆ కాగితం మాత్రం చేతిల ఉండాలె.

కల్చర్ వచ్చేదాక మందు ఆపుతరా అంటే, ఆపరు. శాంపిల్ తీసుకొని, పిల్లను చూసి, అనుమానం గట్టిగ ఉంటే డాక్టర్ అప్పుడే మందు మొదలుపెడ్తడు. రిపోర్టు వచ్చినంక అవసరమైతే మారుస్తడు.

మందు మొదలైనంక రెండు మూడు రోజులల జరం దిగాలె. దిగకుంటే మళ్ల చూపియ్యాలె. జరం దిగింది కదా అని మందు ఆపొద్దు. మామూలుగ ఏడు నుంచి పద్నాలుగు రోజుల దాక రాస్తరు, ఎన్ని రాస్తే అన్ని తాపాలె. తర్వాత కిడ్నీల స్కానింగ్ రాస్తరు, అది తప్పించుకోవద్దు. ఉచ్చ వెనుకకు తన్నుడు, తొవ్వల అడ్డం ఉండుడు అసుంటివి పుట్టుకతోనే ఉంటయి. ఇన్ఫెక్షన్ వచ్చినందుకే అవి బయటపడ్తయి. మగపిల్లగాడు ఉచ్చ ధారగ పొయ్యకుండ చుక్క చుక్కగ, ముక్కుకుంట పోస్తుంటే జరం లేకున్నా డాక్టర్‌కు చెప్పాలె. పెద్ద సమస్యైతే హైదరాబాద్ నీలోఫర్‌కు రాస్తరు. 1953ల మొదలైన ఆ పిల్లల దవాఖాన మన జిల్లాలోళ్లకు కొత్తదేం కాదు.

కొన్ని సార్లు ఇంటి వైద్యం, ఎదురుచూసుడు ఏదీ పనికిరాదు. మూడు నెల్లలోపు పిల్లకు 100.4 డిగ్రీలు దాటితే ఏ టైం అయినా దవాఖానకే పోవాలె. ఏ వయసైనా సరే, పాలు తాగకుంటే, లేపితే లెవ్వకుంటే, ఫిట్స్ వస్తే, ఆగకుండ కక్కుతుంటే, పొద్దంత ఉచ్చ పొయ్యకుంటే 108కు ఫోన్ చెయ్యాలె.

తప్పు తల్లిది కాదు

ఇగ నా అభిప్రాయం. ఇట్లాంటివి రాసినప్పుడల్ల "జనాలకు సోయి లేదు" అని తల్లిదండ్రుల మీదికి తోసుడు అలవాటైంది. నేను అట్ల అన. పొద్దుందాక వంగి నాటేసే తల్లి, మిర్యాలగూడ రైస్‌మిల్లుల బస్తాలు మోసే తండ్రి ఒక్క రోజు పని ఇడిసి టౌన్‌కు వస్తే ఆ రోజు కూలి పోతది. ఒక్క మూత్రం కోసం మళ్ల రెండు రోజులు తిరగమంటే ఎట్ల తిరుగుతరు? ఆర్‌ఎంపీ కాడికి ఎందుకు పోతరంటే, అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది ఆయనే కాబట్టి.

సూర్యాపేట 2016ల జిల్లా అయ్యింది, 2019ల మెడికల్ కాలేజీ వచ్చింది. కోదాడ, మిర్యాలగూడలల సర్కారు దవాఖానలు ఉన్నయి, ఊర్లల పల్లె దవాఖానలు ఉన్నయి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరు మీద సర్కారు దవాఖానలల పరీక్షలు ఫ్రీగ చేస్తున్నరు. ఇంత కట్టినంక, పల్లె దవాఖానల పది స్టెరైల్ డబ్బాలు, నైట్రైట్ చూసే పట్టీల డబ్బా ఒకటి పెట్టుడు పెద్ద పనా? జరమొచ్చిన పిల్లకు రక్తపు చుక్క తీసే ఏఎన్‌ఎం అక్కకు, ఆశ అక్కకు మూత్రం పట్టే తీరు ఒక పూట నేర్పిస్తే సరిపోదా? పిల్లల కల్చర్ శాంపిల్ ఆదివారం కూడ తీసుకునే ఏర్పాటు టౌన్‌కు ఒక్కటన్నా ఉండాలె కదా? మన ఊరి ఆర్‌ఎంపీ కూడ, కారణం తెల్వని జరంల ఉన్న సంటిపిల్లకు యాంటీబయోటిక్ సూది ఏసే బదులు "ముందు టౌన్‌ల ఉచ్చ చూపియ్యండ్రి" అంటే ఎంతో పుణ్యం.

అంగన్‌వాడీలను కూడ చూడాలె. మూడేండ్ల పిల్లకు పోయేటందుకు సరైన జాగ లేకుంటే ఆపుకుంటది. ఆపుకునుడు, నీళ్లు తక్కువ తాగుడు, మలబద్ధకం.. ఈ మూడు కలిస్తే ఇన్ఫెక్షన్ మళ్ల మళ్ల వస్తది. మలం గట్టిపడి పేగు ఉబ్బితే మూత్రాశయాన్ని ఒత్తుతది, ఉచ్చ పూర్తిగ బయటికి రాదు, మిగిలిన దాంట్ల సూక్ష్మజీవులు పెరుగుతయి. మీ ఊర్లె అంగన్‌వాడీ మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నయా లేదా, ఒక్కసారి పోయి చూడుండ్రి. గ్రామసభల అడగండ్రి. ఇంట్ల డైపర్ పొద్దంత ఉంచకుండ, తడవంగనే మార్చుండ్రి. పిల్లలకు నీళ్లు, పండ్లు, ఆకుకూరలు పెట్టుండ్రి.

ఇవన్ని కావాలంటే టైం పడ్తది. అప్పటిదాక మీ చేతిల ఉన్నది ఒక్క ప్రశ్న. రేపు మీ అక్క బిడ్డను బండి మీద తీస్కపోతరు. డాక్టర్ సార్ జరం చూసి, రక్తం పరీక్షలు రాసి, చీటీ చేతికిస్తడు. అప్పుడు లెవ్వకముందు మర్యాదగ అడగండ్రి. "సార్, మందు మొదలుపెట్టకముందే ఉచ్చ పరీక్ష కూడ చేపియ్యాల్నా?" అక్కర లేకుంటే ఆయన ఎందుకు అక్కర లేదో చెప్తడు. అక్కర ఉంటే చీటీ మీద ఇంకో లైను రాస్తడు. ఆ లైను రాసినంక పిల్లను ఎత్తుకొని ల్యాబ్‌కు రండ్రి. డబ్బా మేమిస్తం, ఎట్ల పట్టాల్నో చూపిస్తం. పిల్ల పోసేదాక ఎంతసేపైనా ఆగుతం.